ముందు కాలండి, తర్వాత అడగండి

మా ఊరు ఇంకా తగినంతగా కాలలేదని కిందటి వారం ఉత్తరం వచ్చింది. ఉత్తరంలో మాటలు ఇంత మొరటుగా లేవు. గతంలో నమోదైన నష్టం స్వల్పం కనుక మా కార్చిచ్చు నివారణ గ్రాంటు అర్జీకి ప్రాధాన్య క్రమంలో తగిన మార్కులు రాలేదనీ, వచ్చే విడతలో మళ్లీ ప్రయత్నించవచ్చనీ మూడు పేరాల మర్యాదలో చుట్టి పంపారు. పంపిన కార్యాలయం పేరు చెప్పను, వచ్చే ఏడు కూడా ఆ గుమ్మం ముందే నిలబడాలి. ఊరి పేరు కూడా చెప్పను. కాలిఫోర్నియాలో కొండ అంచున, ఎండుపొదల ఒడిలో, "వ్యూ బాగుంది" అన్న ఒక్క కారణంతో కట్టుకున్న ఊళ్లు కొల్లలుగా ఉన్నాయి కనుక ఎవరి ఊరి పేరు వారు పెట్టుకొని చదువుకోవచ్చు.

ఈ వ్యవహారంలో నాకు స్వల్పంగా పాత్ర ఉన్నది. మా నగర అగ్నిమాపక శాఖ కార్చిచ్చు నివారణకూ, ప్రమాదాల్లో చిక్కుకున్నవారిని బయటకు లాగే పరికరాలకూ గ్రాంట్లు కోరాలని సంకల్పించినప్పుడు, అర్జీలో "కథనం" అనే భాగం ఒకటి ఉన్నదనీ, దాన్ని చదివేవారి మనసు కరిగేలా రాయాలనీ తెలిసింది. నేను తెలుగులో ఏదో రాస్తుంటానని ఎవరో చెప్పగా, శాఖ కెప్టెన్ గారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా మంటల్లోకి నడిచి వెళ్తున్న మనిషి విశేషణాల కోసం నా ఇంటి తలుపు తట్టవలసి వచ్చింది. కాఫీ తాగుతూ ఆయన మంటల్లోకి వేసుకెళ్లే తన కోటు వయసు చెప్పారు. తయారైన పదేళ్లకు ఆ కోటును పక్కన పెట్టాలని జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆయన కోటుకు పన్నెండేళ్లు. దీన్ని విషాదంగా రాయాలా, శాఖ పొదుపరితనంగా రాయాలా అన్నది ఆయన మొదటి సందేహం.

గ్రాంట్ల శాస్త్రం ఎంత లోతైనదో అప్పుడే నాకు తెలిసింది. మొదట ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఊరు తన ఉనికిని నమోదు చేసుకొని, పన్నెండు అక్షరాల గుర్తింపును పొంది, తాను ఇంకా ఉన్నానని ఏటేటా మళ్లీ చెప్పుకోవాలి. 2021 నాటి మౌలిక వసతుల చట్టం కార్చిచ్చు ముప్పున్న ఊళ్ల కోసం అయిదేళ్లకు వంద కోట్ల డాలర్లు కేటాయించింది, సంతోషమే. కానీ పొదలు కొట్టే పనికి ఆ డబ్బు కావాలంటే ముందు ఊరికి ఒక రక్షణ ప్రణాళిక ఉండాలి, ఆ ప్రణాళికకు పదేళ్లు నిండకూడదు, అది లేకపోతే ప్రణాళిక రాసుకోవడానికి వేరే అర్జీ పెట్టాలి. ఈలోగా పొదలు ఏ ప్రణాళికా లేకుండానే పెరుగుతుంటాయి. ఇక ప్రాధాన్యం ఎవరికంటే ముప్పు ఎక్కువగా ఉన్న ఊళ్లకు, పేద ఊళ్లకు, గత పదేళ్లలో పెద్ద విపత్తు పాలైన ఊళ్లకు. మొదటి రెండు న్యాయమే. మూడోది కూడా న్యాయమేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. దెబ్బ తిన్నవాడికి ముందు పెట్టాలన్న దయ అందులో ఉన్నది. కాకపోతే నివారణ అనే మాటకు నిఘంటువులో ఇంకో అర్థం చేర్చవలసి ఉంటుంది.

అర్జీ పెట్టడానికి నగర మండలి అనుమతి కావాలి, ఎందుకంటే ఊరు తన వాటాగా కొంత వేసుకోవాలి. అగ్నిమాపక పరికరాల గ్రాంటులో ఇరవై వేల జనాభా దాటిన మా వంటి ఊరి వాటా పది శాతం, పొదలు కొట్టే పనిలో పాతిక శాతం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెతను మనవాళ్లు నగర మండలులు పుట్టకముందే ఎలా కనిపెట్టారో తెలియదు. ఆ మంగళవారం రాత్రి ఎజెండాలో మా అంశం పద్నాలుగవది.

కెప్టెన్ గారు కొండవాలున మూడు వందల మేకలను మూడు వారాలు మేపాలని ప్రతిపాదించారు. ఇది హాస్యం కాదు. ఈ రాష్ట్రంలో మేకలను అద్దెకు తెచ్చి ఎండుపొదలు మేయించడం గౌరవప్రదమైన వృత్తి. సిమీ వ్యాలీలోని రీగన్ అధ్యక్ష గ్రంథాలయం 2019లో అయిదు వందల మేకలను పిలిపించి పదమూడు ఎకరాలు మేయించింది. ఆ అక్టోబరులో మంట వాలు వెంట ఎగబాకి వచ్చినప్పుడు, మేకలు వదిలిన బోడి నేల మీద దానికి తిండి దొరకలేదు. "ప్రభుత్వం నుంచి సాయం చేయడానికి వచ్చాను" అన్నది ఇంగ్లీషులోకెల్లా భయంకరమైన మాట అని 1986లో సెలవిచ్చిన అధ్యక్షుడి పుస్తకాలను ప్రభుత్వ ఫైరింజన్లూ మేకలూ కలిసి కాపాడవలసి వచ్చింది.

మా మండలి మాత్రం మేకల పట్ల తొందరపడలేదు. ఒక సభ్యుడు మేకలకు స్థానిక జాతి మొక్కలకూ పరాయి మొక్కలకూ తేడా తెలుసునా అని అడిగారు. మేక నోరు పడని ఆకు ఏదని అడిగితే మా అనంతపురం కాపరి చాలాసేపు ఆలోచిస్తాడు, కానీ నాకు మాట్లాడే వంతు ఇంకా రాలేదు. ఒక సభ్యురాలు కాయోటీ అనే తోడేలు జాతి జంతువు వచ్చి మేకను ఎత్తుకుపోతే ఆ నష్టం నగరానిదా, మేకల యజమానిదా, కాయోటీదా అని అడిగారు. నగర న్యాయవాది మూడో అవకాశాన్ని కొట్టివేసి, మొదటి రెండింటిపై వచ్చే సమావేశానికి అభిప్రాయం ఇస్తానన్నారు. తర్వాత పౌరులు మైకు ముందు వరుస కట్టారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. బల్ల మీద పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం. ఒకరు మేకల వాసన గురించి మాట్లాడారు. ఒకరు తమ కుక్క సున్నిత మనస్కురాలని, కిందటిసారి పొరుగూరి మేకలను చూసి రెండు రోజులు అన్నం మానేసిందని, ఎర్ర దీపం వెలిగినా ఆపకుండా చెప్పారు. ఒకరు ఆస్తి విలువల గురించి మాట్లాడారు. కాలిపోయిన ఆస్తి విలువ గురించి ఎవరూ మాట్లాడలేదు.

కత్తెర సంగతి త్వరగానే తేలింది. నలిగిన కారులోంచి మనిషిని తీయడానికి తలుపులు చీల్చే హైడ్రాలిక్ కత్తెర మా శాఖకు ఉన్నది, కానీ అది పాత కార్ల రేకును కోయడానికి కొన్నది. ఇప్పటి కార్ల స్తంభాల్లో బోరాన్ కలిపిన ఉక్కు ఉంటుంది, దాని ముందు ఇది నిలవదు. పొరుగూరి కత్తెర అరువు తెచ్చుకోవచ్చు కదా అని ఒక సభ్యుడు సూచించారు. ఈ ఏడు అదే గ్రాంటుకు పెట్టిన అర్జీలో పొరుగూరు మా కత్తెరను అరువు తెచ్చుకొని నెట్టుకొస్తున్నామని రాసుకున్నదని కెప్టెన్ గారు వినయంగా మనవి చేశారు.

నా వంతు వచ్చినప్పుడు నేను 2019లో జాతీయ భవన శాస్త్ర సంస్థ వేసిన లెక్కను చదివాను. నివారణ గ్రాంట్లకు ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన ఒక్కో డాలరు సగటున ఆరు డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని ఆ లెక్క. ఆర్థిక సంఘం అధ్యక్షురాలు శ్రద్ధగా విని, ఆ ఆరు డాలర్లు నగర ఖాతాలో ఏ పద్దు కింద జమ అవుతాయని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. జరగని నష్టానికి పద్దు లేదు. గంటా నలభై నిమిషాల తర్వాత, వాటా సొమ్ములో సగం కోసి, అర్జీకి అనుమతి ఇచ్చారు. పదిహేనవ అంశం జులై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం నాటి బాణసంచాకు నిధులు. చర్చ లేకుండా నాలుగు నిమిషాల్లో ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. కానీ ఇదే ప్రభుత్వం దగ్గర ఇంకో గ్రాంటు ఉన్నది. మంట నిజంగా అంటుకొని, పెద్ద విపత్తుగా మారేలా ఉన్నప్పుడు రాష్ట్రం ఫోను చేస్తే, పగలైనా అర్ధరాత్రి అయినా గంటల్లో అనుమతి వస్తుంది, అర్హమైన ఖర్చులో డెబ్బై అయిదు శాతం ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. దానికి కథనం అక్కరలేదు, మనసు కరిగించనక్కరలేదు. అంటే చేయడం చేతకాక కాదు. గంటల్లో తేల్చగల యంత్రాంగమే, కాలకముందు వెళ్తే ఏళ్ల తరబడి తిప్పుతుంది.

2018 నవంబరు 8న ఈ రాష్ట్రంలోనే ప్యారడైజ్ అనే ఊరు కాలింది. పేరు స్వర్గం. 85 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది అరవై అయిదు దాటిన ముసలివాళ్లు. నడవలేక ఇళ్లలో కొందరు, దారి మూసుకుపోయి కార్లలో కొందరు. కారణం కరెంటు కంపెనీ టవరు మీద దాదాపు వందేళ్లుగా వేలాడి వేలాడి అరిగిపోయిన ఒక ఇనుప కొక్కెం. ఆ కొక్కెం మార్చడానికి ఏ గ్రాంటూ అడగనక్కరలేదు, ఏ కుక్క మనోభావాలూ కనుక్కోనక్కరలేదు. మార్చలేదు, అంతే. 2020లో ఆ కంపెనీ 84 మంది చావుకు నేరం ఒప్పుకొని సుమారు 35 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. మనిషికి ఎంత పడిందో భాగించి చూశాను. మా వీధిలో ఒక్క ఇంటికి కొత్త పైకప్పు వేయించే ఖర్చు. ఇక్కడ వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు, సిగ్గుగా ఉన్నది.

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కాలినప్పుడు పాలిసేడ్స్ కొండల్లో పదకొండు కోట్ల డెబ్బై లక్షల గ్యాలన్లు పట్టే జలాశయం ఖాళీగా ఉన్నది, పైన కప్పిన పరదా చిరిగితే మరమ్మతు కోసం ఖాళీ చేసి పెట్టారు. చుట్టుపక్కల మంటలన్నీ కలిపి పదహారు వేలకు పైగా కట్టడాలను తిన్నాయి. ఆ తర్వాత మూడు నెలలకు, ఏప్రిల్‌లో, విపత్తులకు ముందే ఊళ్లను గట్టిపరచడానికి పెట్టిన ఫెడరల్ గ్రాంటు పథకాన్ని వృథా అని ముద్ర వేసి మూసివేస్తున్నట్టు ప్రకటించారు. రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ఇల్లు కాలాక బావి తవ్వడమే మూర్ఖత్వమని మన పెద్దలు అనుకున్నారు. బూడిద ఇంకా వేడిగా ఉండగానే సగం తవ్విన బావిని పూడ్చేవాళ్లుంటారని వాళ్లకు తట్టలేదు.

ఉత్తరం వచ్చిన మర్నాడు కెప్టెన్ గారు మళ్లీ వచ్చారు. ఇంటి గోడ నుంచి అయిదు అడుగుల లోపు మండే వస్తువేదీ ఉండకూడదని ఆయన ఊరంతా తిరిగి చెప్పే మనిషి కనుక, గుమ్మం పక్కన మా ఆవిడ పెంచుతున్న తులసి కోట వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి నడిచారు. వచ్చే విడత కథనంలో కొత్తగా ఏమైనా చేర్చగలమా అని అడిగారు. ఈ జులై నాలుగున ఆమోదిత బాణసంచాలోంచి ఒక నిప్పురవ్వ వాలు మీద పడి పావు ఎకరం గడ్డి అంటుకున్నది, అది విపత్తు కిందికి వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. ఎంతసేపట్లో ఆర్పారని అడిగాను. ఇరవై నిమిషాలన్నారు. పనికిరాదని చెప్పాను, ఇంకో గంట ఆగి ఉంటే నాలుగు పేరాలు రాసి ఇచ్చేవాడిని. ఆయన నవ్వలేదు. ఊరి ఉనికి నమోదు గడువు ఎల్లుండితో తీరిపోతుందనీ, పాస్‌వర్డు మేకల అర్జీ నింపిన పాత గుమాస్తా దగ్గర ఉండిపోయిందనీ, ముందు అతన్ని పట్టుకోవాలనీ చెప్పి, కాఫీ సగంలో వదిలేసి లేచారు.