చింతచెట్టు చాటు గస్తీ జీపుగారికి

మహారాజశ్రీ గస్తీ జీపుగారి నాలుగు చక్రాలకూ శ్రీకాకుళం నుంచి ఒక స్కూటీవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న ఆదివారం. అరసవల్లిలో దర్శనం చేయించి, అమ్మను వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నాను. మలుపు తిరగ్గానే చింతచెట్టు వెనక నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. చేతి వెనక మనిషి, మనిషి వెనక తమరు. లైటు ఆర్పేసుకుని, కొమ్మల నీడలో. నా నెత్తిన హెల్మెట్ ఉంది. అమ్మ నెత్తిన కనకాంబరాలు ఉన్నాయి.

వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాలి, మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్. ఫైను 1000 రూపాయలు. తప్పు నాదే, కాదనను. కానీ చలానా మిషన్‌కి సిగ్నల్ దొరకలేదు. గంటన్నర! మీ కానిస్టేబుల్ దాన్ని రెండు చేతులా పైకెత్తి, సూర్యనారాయణమూర్తికి అర్ఘ్యం ఇస్తున్నట్టు ఎండలో తిరుగుతుంటే అమ్మకి జాలేసింది. "ఏటి బాబూ, నీకూ తిప్పలే గదా!" అని పులిహోర పొట్లం చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. చలానా కూడా వేశాడు.

నా బాధ వెయ్యి రూపాయలు కాదు. తమరు దాక్కోవడం. దాక్కోవాల్సింది దొంగ అని మేం చిన్నప్పుడు దొంగ-పోలీసు ఆటలోనే నేర్చుకున్నాం. మీ నీలం లైటు తిరుగుతూ కనిపిస్తే చాలు, ఎనభైలో వచ్చేవాడు నలభైకి దిగుతాడు. ముగ్గురెక్కిన బండి మీంచి ఒకడు దిగి నడుస్తాడు. చెవి దగ్గరి ఫోను జేబులోకి పోతుంది. అదే చెట్టు చాటున ఉంటే? మీరున్నట్టు తెలిసేసరికి వాడు చెయ్యాల్సిన తప్పు చేసేశాడు. మీకు చలానా వచ్చింది, రోడ్డుకి ఏం వచ్చింది?

మొన్న తెల్లారుజామున మా వీధిలో ముగ్గేస్తున్న పిన్నిగారి పుస్తెలతాడు తెంపుకుపోయిన వాడి బండికి నంబరు ప్లేటే లేదు. ఏడు రోడ్ల కూడలి మీదుగా పోయిందట ఆ బండి, దర్జాగా. దొంగ బండ్లు దొరికేది తనిఖీల్లోనే కదా! ఆ వేళకి నువ్వెక్కడున్నావ్? చింతచెట్టు కింద కూడా లేవు, వెళ్లి చూశాను. (రోడ్డుకి అడ్డంగా పెట్టే మీ స్టాపర్ల మీద బంగారం కొట్టు ప్రకటన కనబడినప్పుడల్లా పిన్నిగారి మెడ గుర్తొస్తోంది.)

నీకు చేతకాదంటే ఊరుకుందును. చేతనవును, అదే మంట. పోయిన సంక్రాంతికి అర్ధరాత్రి 16వ నంబరు హైవే మీద నిన్ను చూశాను. వెనక లైట్లు లేకుండా ఆగిపోయిన లారీకి కాపలాగా, నీలం లైటేసుకుని నిలబడ్డావు. మీవాడు వచ్చిన ప్రతి డ్రైవర్నీ దింపి, క్యానులోంచి చెంబుతో నీళ్లు పోసి మొహం కడిగిస్తున్నాడు. తిట్టుకుంటూనే కడుక్కున్నారు. నేనూ కడుక్కున్నాను. అబ్బ, ఆ నీళ్ల చలి!

జీతం పడగానే చలానా కట్టేస్తాను. అమ్మకి హెల్మెట్ కొన్నాను. కొప్పు పట్టడం లేదు, పువ్వులు హెల్మెట్‌కే చుట్టుకుంటానంటోంది. వచ్చే ఆదివారం మీ కానిస్టేబుల్‌కి పులిహోర ఇంకాస్త ఎక్కువ తెస్తుందట. ఎక్కడికి తేవాలో చెప్పు. చెట్టు కిందికైతే రాను.

ఇట్లు,
తమ వెయ్యి రూపాయల బాకీదారు