తేదీ లేని చట్టం

ఐర్లండ్‌లో అమ్మే ప్రతి మద్యం సీసా వెనక రెండు హెచ్చరిక వాక్యాలు, గర్భిణులు తాగకూడదని చెప్పే బొమ్మ, లోపల ఎన్ని గ్రాముల ఆల్కహాలు ఉందో, ఎన్ని కేలరీలు ఉన్నాయో తెలిపే రెండు అంకెలు ఉండాలి. 2026 మే 22 నుంచి ఇది తప్పనిసరి కావలసింది. ఆ తేదీని 2028 సెప్టెంబరుకు జరుపుతున్నట్టు అక్కడి ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించింది. ఉభయసభలూ ఆమోదించి, 2018 అక్టోబరులో అధ్యక్షుడు సంతకం చేసిన చట్టమిది. బిల్లు సభ ముందుకొచ్చిన 2015 డిసెంబరు నుంచి లెక్కేస్తే, ఈ లేబుల్ సీసా మీదికి చేరడానికి దాదాపు పదమూడేళ్లు. అదీ 2028లో మరోసారి జరపకపోతేనే. దీన్ని వాయిదా అనడానికి మాకు మనసొప్పడం లేదు. సభ చేసిన చట్టాన్ని మంత్రివర్గం చాపకింద దాచేయడం ఇది.

ఆ బిల్లు మొదట వచ్చింది దిగువసభ డాల్‌లోకి కాదు, ఎగువసభ షానడ్‌లోకి. అప్పటి ఆరోగ్య మంత్రి లియో వరాద్కర్ ప్రవేశపెట్టారు. దుకాణాల్లో మద్యాన్ని మిగతా సరుకుల నుంచి విడదీసి పెట్టాలన్న నిబంధన మీద అధికారపక్షం సెనేటర్లే అడ్డం తిరగడంతో 2016 అక్టోబరులో ఆగిపోయి, ఏడాది దాటాక గానీ కదల్లేదు. ఆ కాలమంతా బిల్లును బతికించడానికి సభలో పదేపదే లేచిన గొంతుల్లో స్వతంత్ర సెనేటర్ ఫ్రాన్సెస్ బ్లాక్‌ది ఒకటి. జనానికి ఆమె గాయనిగా తెలుసు. వ్యసనపరుల కుటుంబాలకు అండగా నిలిచే రైజ్ ఫౌండేషన్‌ను స్థాపించింది ఆమే. 2016లో సభకు వచ్చినప్పటి నుంచి తాగేవాడి గురించి ఎంత మాట్లాడారో, తాగేవాడి ఇంట్లో బతికే భార్యాబిడ్డల గురించీ అంత మాట్లాడారు. మొదటి ముసాయిదాలో లేని క్యాన్సర్ హెచ్చరిక 2017 డిసెంబరులో షానడ్ చర్చల్లోనే బిల్లులోకి చేరింది. ఎగువసభ ఉండేది ఇలాంటి పనికే. ప్రభుత్వం రాయడానికి జంకిన వాక్యాన్ని సభ రాయించింది. ఇప్పుడు అదే వాక్యాన్ని తేదీ మార్చి ఆపేశారు.

మద్యానికీ ప్రాణాంతక క్యాన్సర్లకూ నేరుగా సంబంధం ఉందన్న ఆ వాక్యంలో అతిశయోక్తి ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది 1988లో. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గమే అది. ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాలు అసిటాల్డిహైడ్‌గా మారి కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు దారి తీస్తుంది. చక్కెర ఎంత ఉందో బిస్కెట్ పొట్లం మీద రాయాల్సిందే. బీరు మీదో విస్కీ మీదో మాత్రం అక్కర్లేదు. 1.2 శాతానికి మించి ఆల్కహాలు ఉన్న పానీయాలకు పోషకాల పట్టిక నుంచి 2011 నాటి ఐరోపా ఆహార సమాచార నిబంధనే మినహాయింపు ఇచ్చింది. ఆ లోటును పూడ్చడానికే ఐర్లండ్ సొంతంగా చట్టం చేసుకుంది.

గ్రాముల లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. సీసా మీద ఇప్పుడున్న శాతం, ఆ పానీయం ఎంత ఘాటైనదో చెబుతుంది. తాగినవాడి ఒంట్లోకి ఎంత వెళ్లిందో చెప్పదు. అది తెలియాలంటే మిల్లీలీటర్లను శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్లీ ఆల్కహాలు సాంద్రత 0.789తో గుణించాలి. 12.5 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో 74 గ్రాములు. 5 శాతం ఉన్న 440 మిల్లీలీటర్ల బీరు డబ్బాలో 17 గ్రాములకు పైగా. ఐర్లండ్ లెక్కలో ఒక ప్రామాణిక డ్రింకు అంటే 10 గ్రాములు. వారానికి మగవారికి 17 డ్రింకులు, ఆడవారికి 11 దాటకూడదన్నది అక్కడి ఆరోగ్య శాఖ సలహా. ఒక్క డబ్బానే అనుకుని తాగేది నిజానికి ఒకటిన్నరకు మించిన లెక్క. వైన్ సీసా ఖాళీ అయితే దాదాపు ఏడున్నర. ఈ గుణకారం దుకాణంలో నిలబడి ఎవరు చేస్తారు? అంకె సీసా మీదే ఉంటే ఎవరికీ లెక్క అక్కర్లేదు.

ఇదే గ్రాముల లెక్కను డబ్బు దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం చక్కగా వాడుకుంది. 2022 జనవరి 4 నుంచి గ్రాముకు 10 సెంట్ల చొప్పున కనీస ధర అమల్లో ఉంది. అంటే పైన చెప్పిన వైన్ సీసాను 7.40 యూరోలకు తక్కువగా అమ్మకూడదు. పెరిగిన ధర పన్నుగా ఖజానాకు పోదు, అమ్మేవాడి దగ్గరే ఉంటుంది. బడులు, క్రెష్‌లు, ఆటస్థలాలకు 200 మీటర్ల లోపు ప్రకటనల నిషేధం 2019 నవంబరులో వచ్చింది. దుకాణాల్లో వేరు అర 2020 నవంబరులో వచ్చింది. తాగేవాడికి నిజం చెప్పే ముక్క మాత్రం మిగిలిపోయింది. గ్రాములు లెక్కగట్టి ధర వసూలు చేయవచ్చు, ఆ గ్రాములెన్నో కొనేవాడికి మాత్రం చెప్పరు.

అమెరికా సుంకాల భయంతో ఎగుమతిదారులు కుంగిపోయి ఉన్నారనీ, ఈ సమయంలో కొత్త భారం వద్దనీ ప్రభుత్వం అంటోంది. సుంకాల బెడద నిజమే, కాదనం. కానీ ఈ లేబుల్ ఐర్లండ్ లోపల అమ్మే సీసాలకు మాత్రమే. బోస్టన్‌కు వెళ్లే విస్కీ మీద ఒక్క అక్షరమూ అంటించక్కర్లేదు. అమెరికా సుంకానికీ డబ్లిన్ దుకాణంలోని సీసాకూ ఉన్న సంబంధమేమిటో ఆ ప్రకటనలో మాకు కనిపించలేదు. చిన్న మార్కెట్ కోసం వేరే అచ్చు ఖర్చు అంటున్నారు. 2024 ఫిబ్రవరిలో ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తీసుకునే పథకం వచ్చినప్పుడు ఇదే మార్కెట్ కోసం బీరు డబ్బాల మీద కొత్త గుర్తు అచ్చు వేశారు కదా? కొన్ని నెలల్లోనే దేశమంతా ఆ గుర్తున్న డబ్బాలే అమ్మారు. అందువల్ల ఏ కంపెనీ అయినా మూతపడినట్టు మేం వినలేదు. అంతెందుకు, ఆరోగ్య హెచ్చరికలు అచ్చువేసిన కొన్ని సీసాలు ఇప్పటికే అక్కడి అరల్లో ఉన్నాయి. చట్టాన్ని నమ్మి ముందే ఖర్చు పెట్టినవారు నష్టపోయారు, ఎగ్గొట్టడానికి చూసినవారు గెలిచారు.

మా అసలు ఆందోళన మద్యం కంటే పెద్దది. అమలు తేదీ మంత్రి చేతిలో ఉన్నంతకాలం, చట్టం చేసే అధికారమూ సగం ఆయన చేతిలోనే ఉన్నట్టు. సభలో సెనేటర్ ఏళ్ల తరబడి వాదిస్తారు, సవరణ నెగ్గుతుంది, చట్టం అచ్చవుతుంది. చివర ఒక సెక్షన్ ఉంటుంది: మంత్రి ఉత్తర్వు ద్వారా నిర్ణయించిన రోజున అమల్లోకి వస్తుంది అని. ఆ రోజు రాకపోతే అడిగే దిక్కు లేదు. బిల్లును 90 రోజులు ఆపే అధికారం షానడ్‌కు ఉంది. మంత్రి ఎన్నేళ్లు ఆపినా తేదీ వేయించే అధికారం మాత్రం లేదు.

ఇది మద్యంతో మొదలైన రోగం కాదు. సూపర్‌క్విన్ దుకాణాల వ్యవస్థాపకుడు, సెనేటర్ ఫెర్గల్ క్విన్ 2010లో సొంత బిల్లు తెచ్చారు. 2008 కుదేలులో పెద్ద నిర్మాణ సంస్థలు కూలి, సబ్ కాంట్రాక్టర్లు చేసిన పనికి డబ్బు రాక వీధిన పడ్డ రోజులవి. ఆ బిల్లు చెప్పిందిది: పైవాడు నాకిస్తేనే నీకిస్తానన్న షరతు చెల్లకూడదు. చేసిన పనికి డబ్బు అడిగిన 30 రోజుల్లో చెల్లించాలి. అభ్యంతరం ఉంటే 21 రోజుల్లో రాతపూర్వకంగా కారణం చెప్పాలి. గొడవ వస్తే మధ్యవర్తి 28 రోజుల్లో తేల్చాలి. డబ్బు రాకపోతే ఏడు రోజుల నోటీసుతో పని ఆపే హక్కు ఉండాలి. మన కాంట్రాక్టర్లు చదివినా అసూయ పడే చట్టం. 2013 జులైలో చట్టమైంది. వర్తించింది 2016 జులై 25 తర్వాత రాసుకున్న ఒప్పందాలకే. మూడేళ్లు! ఆ మూడేళ్లలో పని చేసి మోసపోయినవారికి క్విన్ రాసిన ఒక్క సెక్షనూ అక్కరకు రాలేదు. మంత్రి తేదీ వేయలేదు గనక.

ఇంకా పాత కథ ఉంది. 60 మంది సభ్యుల షానడ్‌లో ఆరు స్థానాలు పట్టభద్రులవి. ఆ ఓటు రెండు విశ్వవిద్యాలయాల పట్టభద్రులకే పరిమితం కాకుండా మిగతా ఉన్నత విద్యాసంస్థలకూ విస్తరించవచ్చని 1979లో రెఫరెండం పెడితే 92 శాతం మంది ఔనన్నారు. దాన్ని అమలు చేసే చట్టం వచ్చింది 2024లో. అదీ 2023లో సుప్రీంకోర్టు తప్పుపట్టాక. 2025 జనవరి ఎన్నిక కూడా పాత పద్ధతిలోనే జరిగింది. 2013లో ఆ సభనే రద్దు చేద్దామని ప్రభుత్వం ప్రజల్ని అడిగితే 51.7 శాతం మంది వద్దన్నారు. ప్రజలు నిలబెట్టుకున్న సభ మాటకు పాలకులిచ్చే విలువ ఇదీ.

ఈసారి మరింత మంట పుట్టించేది ఆ కుర్చీల్లో ఉన్న మనుషులు. మద్యం బిల్లును చివరిదాకా నడిపించి చట్టం చేయించిన ఆరోగ్య మంత్రి సైమన్ హారిస్. నేడు ఆ చట్టాన్ని జరిపిన ప్రభుత్వంలో ఆయన ఉప ప్రధాని. ప్రధాని మిహాల్ మార్టిన్ 2004లో ఆరోగ్య మంత్రిగా పబ్బుల్లో, పని ప్రదేశాల్లో పొగ నిషేధం తెచ్చారు. దేశమంతటా అలా చేసిన తొలి దేశం ఐర్లండే. పబ్బులు దివాలా తీస్తాయని అప్పుడూ యజమానులు గగ్గోలు పెట్టారు. అయినా మార్టిన్ నిలబడ్డారు, ఆ ఏడాది మార్చి 29న నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ మనిషి ఇప్పుడు ఎందుకు నిలబడలేకపోయారు?

ఎక్కడి ఐర్లండ్, ఎక్కడి సీసా అని తెలుగు పాఠకులు అనుకోనక్కర్లేదు. రాజ్యసభకు 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేసే పద్ధతి మనం ఐర్లండ్ రాజ్యాంగం చూసి పెట్టుకున్నదే. తేదీ వేయని జబ్బు మనకూ ఉంది. 44వ రాజ్యాంగ సవరణ 1978లో జరిగింది. ముందస్తు నిర్బంధాన్ని సలహా మండలి ముందుకు తేకుండా ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించే మూడో సెక్షన్ నేటికీ అమల్లోకి రాలేదు. తేదీ వేయమని ప్రభుత్వాన్ని శాసించలేమని 1981లో మన సుప్రీంకోర్టే చెప్పింది. మద్యం సంగతికొస్తే, దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడిన నేల మనది. మన సీసాల మీద 2019 నుంచి తప్పనిసరి అయిన హెచ్చరికలో ఆరోగ్యానికి హానికరం అన్న మాట ఉంది, క్యాన్సర్ అన్న మాట లేదు. డబ్లిన్ వెనకడుగు వేస్తే, ఆ మాట రాయమని ఇక్కడ అడిగేవారి చేతిలో ఉన్న గట్టి ఉదాహరణ పోతుంది. ఐర్లండ్ లేబుల్‌ను వ్యతిరేకించిన ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లకు కావలసిందీ అదే.

ఫ్రాన్సెస్ బ్లాక్ లాంటివారు సభలో మళ్లీ లేచి మళ్లీ మాట్లాడాలని చెప్పడం సులువు. వారు మాట్లాడారు, గెలిచారు కూడా. ఇక మాట్లాడాల్సింది మార్టిన్, హారిస్. 2026 మే 22ను మార్చింది మంత్రివర్గమే, ఏ సభా కాదు. ఆ తేదీని తిరిగి రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టలేకపోతే, ఇద్దరూ షానడ్‌కు వెళ్లి, 2018లో తాము సమర్థించిన క్యాన్సర్ హెచ్చరిక ఇప్పుడు అబద్ధమైందో లేక తమకు భయమేసిందో ఆ సభ్యుల ముఖం చూసి చెప్పాలి.