సికిల్ సెల్‌కు వైద్యం వచ్చింది, మన్యానికి ఎప్పుడొస్తుంది?

చిన్న గాజు గొట్టంలో కాస్త ద్రావణం పోసి, వేలి కొస నుంచి తీసిన చుక్క రక్తం కలుపుతారు. కొన్ని నిమిషాలు ఆగి, గొట్టం వెనకాల నల్ల గీతలున్న కాగితం పెట్టి చూస్తారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే భయం లేదు. ద్రావణం మబ్బు పట్టినట్టయి గీతలు కనబడకపోతే సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉందని అనుమానించి, ఇంకో పరీక్షకు పంపాలి. సాల్యుబిలిటీ టెస్ట్ అంటారు దీన్ని. ఖర్చు తక్కువ, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అయితే అప్పుడే పుట్టిన బిడ్డ విషయంలో ఈ పరీక్షను నమ్మడానికి లేదు.

ఎందుకు నమ్మకూడదో తెలిస్తే ఈ జబ్బుకు ఇవాళ వచ్చిన వైద్యమంతా అర్థమవుతుంది. కడుపులో ఉన్న బిడ్డ రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వేరు. పిండ హిమోగ్లోబిన్ అంటారు. పుట్టాక కూడా కొన్ని నెలలు అదే ఎక్కువ. అది ఉన్నంత కాలం ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరగవు, అందుకే పరీక్షలోనూ జబ్బు బయటపడదు. ఆరో నెల దగ్గర పడేసరికి అది తగ్గిపోతుంది. ఇక అప్పుడు మొదలవుతాయి చేతులూ కాళ్లూ వాయడం, ఊరుకోని ఏడుపు, తగ్గీ తగ్గని జ్వరాలు. వంకర తిరిగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో పుట్టే నొప్పికి పెద్దవాళ్లే గిలగిల్లాడిపోతారు.

ఇంతకీ జరిగింది జన్యువులో ఒక్క అక్షరం మార్పు. ఒక జబ్బు మూలాన్ని ఒక అణువు దగ్గర పట్టుకోవడం సైన్సులో ఈ జబ్బుతోనే మొదలైంది. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఆ పని చేసింది. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఇంకో సంగతి చూపించారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర నుంచే ఈ మార్పు వస్తే జబ్బు రాదు, పైగా ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. తరతరాలుగా మలేరియా ఉన్న అడవుల్లో ఈ మార్పు ఎందుకు నిలిచిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీల బిడ్డలు ఇవాళ మోస్తున్నది వాళ్ల తాతముత్తాతల్ని బతికించిన మార్పునే.

ఇక కొత్త కబురు. పుట్టాక పిండ హిమోగ్లోబిన్‌ను ఆపేసే స్విచ్ లాంటి జన్యువు మన ఒంట్లో ఉంది. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో రక్తం తయారుచేసే మూలకణాల్లో దాని పనిని ఆపితే పిండ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ఈ కత్తెరకే 2020లో ఎమాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నాలకు నోబెల్ వచ్చింది. దాని ఆధారంగా తయారైన క్యాస్‌జెవీ అనే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. మనిషి తన జన్యువుల్ని తనే దిద్దుకుని జబ్బు నయం చేసుకునే కాలం నిజంగా వచ్చేసింది. ఇందులో అతిశయోక్తి లేదు.

అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన లెక్కలో 18 కోట్ల రూపాయల పైమాటే. పోనీ ఎవరో ఉచితంగా ఇచ్చారనుకుందాం. రోగి మూలకణాలు తీసి ల్యాబ్‌కు పంపాలి, అవి సిద్ధమై వచ్చేదాకా నెలల తరబడి ఆగాలి, ఎముకల్లో మిగిలిన మూలకణాల్ని తీవ్రమైన కీమోతో తుడిచిపెట్టాలి, ఆ తర్వాత వారాల కొద్దీ ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ సోకకుండా కాపాడాలి. నొప్పి వచ్చిన మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే ఊళ్లున్న చోట ఈ మాటలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

నా బాధ అసలు ఇది కూడా కాదు. పిండ హిమోగ్లోబిన్‌ను పెంచే మందు ఇంకోటి ఎప్పటినుంచో ఉంది. హైడ్రాక్సీయూరియా. అమెరికా దీన్ని సికిల్ సెల్ రోగులకు 1998లోనే అనుమతించింది. పూర్తిగా నయం చేయదు గానీ నొప్పి దాడుల్ని బాగా తగ్గిస్తుంది, రక్తం ఎక్కించాల్సిన అవసరాన్నీ తగ్గిస్తుంది. క్యాప్సూల్ కొన్ని రూపాయలే. ఆలోచన ఒకటే, ధరలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. మరి ఇది అందరికీ ఎందుకు అందడం లేదు? రోజూ వేసుకోవాలి, కొన్ని వారాలకోసారి రక్తకణాల లెక్క చూసి మోతాదు సరిచేయాలి. అంటే పీహెచ్‌సీలో రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం పనిచేస్తూ ఉండాలి, దాన్ని నడిపే ల్యాబ్ టెక్నీషియన్ ఉండాలి, స్టాకు అయిపోకుండా చూసే ఫార్మసిస్టు ఉండాలి. మానవాళి భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఇద్దరి ఊసు ఎవరూ ఎత్తరు. కానీ మన్యంలో ఆ భవిష్యత్తు ఆగిపోయింది వీళ్ల కుర్చీలు ఖాళీగా ఉన్న చోటే.

కేంద్రం 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. 6 కోట్ల మందికి పైగా పరీక్షలు పూర్తయ్యాయి. మెచ్చుకోవాల్సిన పనే. పరీక్ష అయ్యాక చేతికి ఒక కార్డు ఇస్తారు, అబ్బాయి కార్డూ అమ్మాయి కార్డూ పక్కపక్కన పెట్టి పెళ్లికి ముందే చూసుకోవడానికి. కౌన్సెలింగ్ అవసరమే, కాదనను. కానీ నిర్మూలన భారమంతా గిరిజన యువత పెళ్లిళ్ల మీద పెట్టి, ఇప్పటికే జబ్బుతో ఉన్న మనిషికి మాత్ర సరిగ్గా అందించకపోతే అది న్యాయం కాదు. ఇంట్లో ఆడపిల్ల క్యారియర్ అని, అంటే జబ్బు లేకపోయినా ఒకరి నుంచి ఆ మార్పు వచ్చిందని తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయన్న టెన్షన్ ఆ కార్డుతో పాటే వస్తుంది. చాలామంది దాన్ని దాచేస్తారు, దాచారని వాళ్లనేం అనగలం?

మన శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ సొంతంగా క్రిస్పర్ చికిత్స తయారుచేసి, బిర్సా ముండా పేరుతో బిర్సా 101 అని 2025 నవంబరులో ప్రకటించింది. ఉత్పత్తికి సీరం ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం కుదిరింది. ధర తగ్గించడం మనవాళ్లకు చేతగానిదేం కాదు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా తెచ్చినప్పుడు, వందల్లో ఉన్న డోసు ధర పదుల్లోకి దిగింది. అయితే ఆ టీకా దేశమంతటా పిల్లలకు ప్రభుత్వ టీకాల్లో భాగంగా అందడం 2011 ప్రాంతానికి గానీ జరగలేదు. చవగ్గా తయారైన తర్వాత కూడా దాదాపు 14 ఏళ్లు! బిర్సా 101 విజయవంతం కావాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ 14 ఏళ్లు మళ్లీ రాకూడదని అంతకంటే గట్టిగా కోరుకుంటున్నాను.

అందాకా చేయగలిగింది ఉంది. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి, గొట్టం పరీక్షతో సరిపెట్టకుండా, నవజాత శిశువుల్లోనూ జబ్బును పట్టే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి పంపాలి. ఆ ఫలితం ఏఎన్ఎం చేతికి, ఆమె నుంచి తల్లికి రెండో నెల నిండేలోపు చేరాలి. చేరితే రోజూ పెన్సిలిన్ మొదలుపెట్టవచ్చు. ప్రాణం తీసే న్యుమోకోకస్ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు దాంతో బాగా తగ్గుతాయని 1986లోనే తేలింది. ఆరో నెల వచ్చి ఆ చిన్ని చేతులు వాచేసరికి, అది ఏమిటో ఆ తల్లికి ముందే తెలిసి ఉంటుంది.