ఓఆర్ఎస్ అంటే ఉప్పు లెక్క

పసివాడికి పొద్దుటి నుంచి నీళ్ల విరేచనాలు. తల్లి చంకన వేసుకుని వీధి చివరి మెడికల్ షాపుకు వెళ్లి ‘ఓఆర్ఎస్ ఇవ్వండి’ అంటుంది. విరేచనాలతో పోయిన నీరు, లవణాలు భర్తీ కావడానికి నీళ్లలో కలిపి తాగించే పొడి అది. కౌంటర్ దగ్గరి కుర్రాడు ఫ్రిజ్ తెరిచి పండ్ల రుచి ఉన్న చల్లని డబ్బా ఒకటి స్ట్రాతో సహా చేతిలో పెడతాడు. తియ్యగా ఉంది కాబట్టి పిల్లాడు మారాం చేయకుండా తాగేస్తాడు. సాయంత్రానికి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. మన ఊళ్లలో ఏళ్ల తరబడి నడిచిన తంతు ఇది. డబ్బా మీద ఓఆర్ఎస్ అన్న అక్షరాలు కొట్టొచ్చినట్టు కనిపించేవి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదన్న మాటను మాత్రం భూతద్దం పెట్టుకుని వెతుక్కోవాలి.

ఆ చిన్న అక్షరాల గమనిక ఉంటే చాలని 2022 జులైలో అనుమతి ఇచ్చింది స్వయంగా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐనే. హైదరాబాద్‌కు చెందిన చిన్నపిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఈ పేరు మోసంపై సుమారు ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సంస్థ తన అనుమతిని వెనక్కి తీసుకుంది. ఆ నిర్ణయాన్ని మేం స్వాగతిస్తున్నాం. మూడేళ్లు ఎందుకు పట్టిందని కూడా అడుగుతున్నాం.

పేరు కోసం ఇంత గొడవ ఎందుకంటారా? అసలు ప్యాకెట్ వెనక రాసింది చదవండి. లీటరు నీటికి సోడియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పే, 2.6 గ్రాములు. గ్లూకోజ్ 13.5 గ్రాములు. పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. అంతా కలిపి 20.5 గ్రాముల పొడి. ఫ్రిజ్‌లోని డబ్బాల్లో కొన్నింట్లో లీటరుకు 100 గ్రాములు దాటి చక్కెర ఉండేది, ఉప్పు అంతంతమాత్రమే. అంత చక్కెర పేగులోకి దిగితే ఒంట్లోని నీటిని పేగు తనలోకే లాక్కుంటుంది. విరేచనం ఆగకపోగా పెరుగుతుంది.

ఓఆర్ఎస్‌లో చక్కెర వేసేది రుచి కోసం కాదు. పేగు గోడలో సోడియం లోపలికి వెళ్లే ఒక ద్వారం ఉంది. గ్లూకోజ్ తోడుంటేనే అది తెరుచుకుంటుంది. ఒక గ్లూకోజ్ అణువు వెంట రెండు సోడియం అయాన్లు వెళతాయి, వాటి వెనకే నీళ్లు. కలరా వచ్చినా ఈ దారి మూసుకుపోదు. ఇక సోడియం సిట్రేట్ పని, విరేచనాలతో క్షారం పోయి రక్తంలో పెరిగే ఆమ్లాన్ని విరగ్గొట్టడం. మొదట్లో ఆ పని వంట సోడా చేసేది. తేమ తగిలితే ఆ పొడి నిల్వ ఉండటం లేదని సిట్రేట్‌కు మార్చారు.

ఈ లెక్కకు గట్టి పరీక్ష 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో జరిగింది. అక్కడ కలరా విజృంభించింది, సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, వంట సోడా, గ్లూకోజ్ తూకం వేసి ప్లాస్టిక్ సంచుల్లో నింపి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి పంపింది. డ్రమ్ముల్లో కలిపిన ఆ నీళ్లను రోగుల బంధువులే గ్లాసులతో తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో, చనిపోయాక.

అయినా మనవాళ్లకు సెలైన్ మీద ఉన్న గురి ఈ పొడి మీద లేదు. ‘ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ’ అని అడిగి మరీ ఎక్కించుకుంటారు. ఆ లీటరు సీసాలో ఉన్నదేమిటి? 9 గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీరు. స్పృహ తప్పినవారికి, వాంతులు ఆగనివారికి అది ప్రాణం నిలబెడుతుంది. నోటితో తాగగలిగినవాళ్లకు మాత్రం సూదిపోటు తప్ప ఒరిగేదేమీ లేదు.

పేరు మారినంత మాత్రాన పొరపాట్లు పోవు. లీటరు ప్యాకెట్‌లో సగం పొడిని ఒక గ్లాసు (200 మిల్లీలీటర్ల) నీళ్లలో కలిపి తాగించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలా కలిపితే ఉప్పు ఉండాల్సిన దానికి రెండున్నర రెట్లు అవుతుంది. రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాల్సిన సోడియం ఆ గీత దాటితే పసివాడి మెదడుకే ముప్పు. ఎండాకాలంలో కూల్‌డ్రింక్‌లా రోజూ ఓఆర్ఎస్ తాగే పెద్దలూ ఉన్నారు. బీపీ ఉన్నవారికి అది ఇంకో ఆవకాయ ముద్దతో సమానం. వారికి పల్చటి మజ్జిగ నయం, అదీ ఉప్పు చూసుకుని.

‘ఈ పొడి మొత్తం ఒక లీటరు నీళ్లలో’ అన్న మాట ప్రతి లీటరు ప్యాకెట్ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లను ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీల ద్వారా ఇళ్లకు చేర్చాలి. వాటితో పాటు 14 రోజులు వేయాల్సిన జింక్ మాత్రలూ ఇవ్వాలి. ఎండలు ముదరకముందే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మెడికల్ షాపుల ఫ్రిజ్‌లు ఒకసారి తెరిచి చూడాలి.