కార్తీకం వానల్లోనూ పరుగెత్తొచ్చు
వానలు, చలి మొదలయ్యాక సంక్రాంతి దాకా పరుగు ఆపేయమన్న మీ సలహా నాకు నచ్చలేదండి. మా కోనసీమలో కార్తీకమాసపు తెల్లవారుజాము చలి పరుగుకి ఎంత హాయో! ఎండాకాలం ఉక్కలో వచ్చే ఆయాసం ఇప్పుడుండదు. చూసుకోవాల్సింది నేలని. తడిసిన కాలవగట్టు మీద బంకమట్టికి అడుగు జారుతుంది, బూట్లకి మట్టి పట్టేసి కాళ్లు బరువెక్కుతాయి. తారు రోడ్డే మేలు. కోతల రోజుల్లో అక్కడా సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, దయచేసి తొక్కకండి, అది రైతు ఏడాది కష్టం. నూలు బనీను తడిస్తే ఒంటికి అంటుకుని చలి ఎక్కువవుతుంది, పాలిస్టర్‌ది త్వరగా ఆరుతుంది. తడి బూట్లలో పాత పేపర్లు కుక్కితే తేమ లాగేస్తాయి. ఉరుము వినపడితే మాత్రం ఇంటికొచ్చేయాలి. తుఫాను హెచ్చరిక ఉన్నరోజు గడపే దాటొద్దు, 1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడ్డ తుఫానుని చూసిన ఊళ్లు మావి.