స్టేషను పక్కన ఎవరుండాలి?

న్యూజెర్సీలో మన తెలుగు సంఘం మొన్న జరిపిన ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి కప్పులు చేతికందే వేళకు రిజిస్ట్రేషను బల్ల మీద ఒక వినతిపత్రం కనిపించింది. రైల్వే స్టేషను దగ్గర కట్టబోయే అపార్ట్‌మెంట్లను, వాటిలో తక్కువ ఆదాయం గలవారికి కేటాయించే ఇళ్ళను అనుమతించవద్దని టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డును కోరే కాగితమది. "అలాంటి వాళ్ళు వస్తే మన స్కూళ్ళు ఏమైపోతాయండీ?" అంటూ ఒక పెద్దాయన పెన్ను అందించారు. నేను సంతకం చేయలేదు. ఎందుకు చేయలేదో మన సభ్యులందరికీ చెప్పుకోవాలనిపించింది.

ఆయన భయం ఉత్తదని నేననను. న్యూజెర్సీలో ఇంటి పన్నులు దేశంలోనే అత్యధికమైన వాటిలో ఉన్నాయి, స్కూళ్ళు నడిచేది ప్రధానంగా ఆ డబ్బుతోనే. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, మరొకటి వెతుక్కోవడానికి చేతిలో మిగిలేది మహా అయితే 60 రోజుల గడువు; అలాంటి కుటుంబానికి ఇల్లొక్కటే ఇన్నేళ్ళ కష్టార్జితం.

అయితే ఈ భయానికి మన రాష్ట్రంలోనే జవాబు దొరికింది. మౌంట్ లారెల్ అనే ఊళ్ళో తరతరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలకు అద్దె ఇళ్ళు కట్టనివ్వకపోతే, ఎథెల్ లారెన్స్ అనే టీచరమ్మ ముందు నిలబడి 1971లో దావాకు దిగారు. అభివృద్ధి చెందుతున్న ప్రతి ఊరూ పేదల ఇళ్ళకు తన వంతు చోటివ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె పేరిట కట్టిన 140 ఇళ్ళలో మొదటివి 2000లో తెరుచుకునే నాటికి ఆమె లేరు. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు డగ్లస్ మాస్సీ బృందం చుట్టుపక్కల పరిశీలిస్తే నేరాలూ పెరగలేదు, ఇళ్ళ ధరలూ పడిపోలేదు.

నేను ఎడిసన్‌లో దిగినప్పుడు నాకు కారు లేదు, ఇల్లు అద్దెకివ్వాలంటే ఇక్కడ చూసే క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీర్చిన చరిత్ర) అంతకన్నా లేదు. ముక్కూ మొహం తెలియని ఒక తెలుగు అన్నయ్య తన లీజులో నా పేరు చేర్పించి, నలుగురున్న రెండు బెడ్‌రూముల ఇంట్లో హాలులో పరుపు వేసుకోమన్నారు. మెట్రోపార్క్ స్టేషనుకు నడిచి వెళ్ళగలిగినందువల్లనే న్యూయార్క్‌లో మొదటి ఉద్యోగం నిలిచింది. మంచు తీసే బండ్లు కాలిబాట మీదికి నెట్టిన గుట్టలు దాటలేక, సోనా మసూరి సంచి భుజాన వేసుకుని, పక్కనుంచి కార్లు దూసుకుపోతుంటే రోడ్డంచునే నడిచేవాణ్ణి. నాకు దొరికిన ఆ మొదటి మెట్టు స్టేషను పక్కన ఉన్న చవక అద్దె ఇల్లే. మొన్న వంటగదిలో మనకు గారెలు వేసిన ఆవిడ నేటికీ బేస్‌మెంటు గదిలో ఉంటూ, రెండు బస్సులు మారి, కాలిబాట లేని రూట్ వన్ హైవే పక్కన నడిచి పనికి వస్తారు. ఆ అపార్ట్‌మెంట్లకు దరఖాస్తు చేసుకునేది అటువంటివారే.

మనం అమెరికన్లమని ప్రమాణం చేసినప్పుడు ఈ దేశపు చరిత్ర కూడా మనదైంది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో పంజాబీ వలసదారు భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాలిఫోర్నియాలో పొలం కొనే హక్కు కూడా మనవారికి లేకపోయింది. ఈనాడు నచ్చిన వీధిలో ఇల్లు కొంటున్నామంటే, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968లో వచ్చిన, ఇళ్ళ అమ్మకాల్లో అద్దెల్లో వివక్షను నిషేధించే గృహ హక్కుల చట్టం అండ మనకూ ఉంది. హైదరాబాదులో టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే "మీరేవిట్లు?" అని అడిగి తలుపు వేసిన ఇళ్ళు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ అలవాటును సముద్రాలు దాటించి ఇక్కడ పాతుకోనివ్వకూడదు.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే: పండగ బల్ల మీద ఇటువంటి కాగితాలకు చోటివ్వకండి. ప్లానింగ్ బోర్డు విచారణ రోజున ప్రజాభిప్రాయ సమయంలో మనమూ పేర్లిచ్చి, ఆ ఇళ్ళు కావాలని, వాటితోపాటే అదనపు తరగతి గదులు, రూట్ వన్ వెంట కాలిబాట, ఆదివారం రాత్రి కూడా నడిచే బస్సు కావాలని గట్టిగా అడుగుదాం.