చదివింపుల బల్ల మీద మాట్లాడే డబ్బా

శుభలేఖ వెనక చిన్న అక్షరాల్లో "మీ ఆశీస్సులే మాకు కానుకలు, బహుమతులు స్వీకరించబడవు" అని వేయించారు. హాలు గుమ్మంలో పన్నీరు చిలకరించే పిల్లలు, వాళ్ళను దాటగానే అడ్డంగా ఒక బల్ల, బల్ల మీద యాక్రిలిక్ స్టాండులో క్యూఆర్ కోడు, దాని పక్కన బంతిపూల దండ వేసిన చిన్న డబ్బా. టీ కొట్లో "పది రూపాయలు అందాయి" అని అరుస్తుందే, ఆ డబ్బానే. బహుమతులు తీసుకోబోమన్న మాట నిలబెట్టుకున్నారు, అందులో వంక పెట్టడానికి లేదు. డబ్బు బహుమతి కిందకి రాదని ఏదో కుటుంబ సమావేశంలో తీర్మానం అయిపోయి ఉంటుంది.

ఇదే కుటుంబం పాతికేళ్ళ కిందట చదివింపులు మైకులో చదివించేది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు: ఇంటిపేరు, పేరు, ఊరు, చుట్టరికం, చివరికి అంకె. తర్వాత పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలకెళ్ళారు, "ఎవరెంత ఇచ్చారో ఊరంతా వినాలా, ఛీ, ప్రైవసీ ఉండక్కర్లా" అన్నారు. మైకు పోయింది. కవరొచ్చింది. రూపాయి బిళ్ళ అంటించిన కవరు, పైన పేరు, లోపల ఎంతుందో అర్ధరాత్రి తలుపులేసుకుని విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఆ పదేళ్ళూ మధ్యతరగతి మనిషికి స్వర్ణయుగం. ఇప్పుడు ఆ ప్రైవసీ పిల్లలే, "కవర్లేంటి నాన్నా, ఇంకా పాతకాలం" అని ఈ డబ్బా తెచ్చి పెట్టారు.

మైకు పట్టుకున్న మనిషికి కనీసం మర్యాద ఉండేది. వెయ్యి నూటపదహార్లకి ఎంత రాగం తీసేవాడో నూటపదహార్లకీ అంతే తీసేవాడు. అంకె మరీ చిన్నదైతే ముందు బిరుదులు పెంచేవాడు. "మన గ్రామ మాజీ మునసబు గారి తోడల్లుడు గారి వియ్యంకులు" అంటూ మొదలుపెడితే అంకె దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ళ ధ్యాస వడ్డన మీదకి పోయేది. డబ్బాకి అంకె తప్ప ఇంకేం రాదు.

అసలీ డబ్బా పెళ్ళికి ఎలా వచ్చిందంటే, అదొక తతంగం. మామూలు మనిషి ఫోనులో ఉండే సొంత క్యూఆర్‌కి ఇది పలకదు. వ్యాపారి ఖాతా ఉండాలి, ఆ ఖాతాకి డబ్బాని జత చేయాలి. డబ్బాలో ఒక సిమ్ము, ఒక బ్యాటరీ ఉంటాయి. డబ్బు జమ కాగానే అవతలి సర్వరు దానికి మొబైల్ డేటా మీద కబురు పంపుతుంది, అప్పుడు అది నోరు తెరుస్తుంది. పెళ్ళికూతురికి గానీ తండ్రికి గానీ వ్యాపారం లేదు. మేనమామకి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఆయన తన కొట్లో డబ్బాని, స్టాండుతో సహా, కారులో వేసుకుని వచ్చాడు. కాబట్టి వధూవరుల్ని దీవిద్దామని స్కాన్ చేసిన ప్రతివాడికీ ఫోను మీద ముందుగా కనపడేది ఫెర్టిలైజర్స్ అండ్ పెస్టిసైడ్స్. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు చూసుకుంటే, మాఘమాసపు ఆదివారం పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని వెళ్ళి పురుగుమందు కొన్నట్టు ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకయ్యా అంటే, నకిలీ చెల్లింపులు. డబ్బు వెళ్ళకుండానే వెళ్ళినట్టు పచ్చటి టిక్కు చూపించే దొంగ యాప్‌లున్నాయి, పాత స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయే వాళ్ళున్నారు, కొట్టువాళ్ళకి అది నిజమైన బెడద. కానీ సొంత చుట్టాలు స్క్రీన్‌షాట్ చూపించి పప్పన్నం తిని పారిపోతారన్న ముందుచూపు మాత్రం మెచ్చుకోదగ్గది.

సరే, ఒక పెద్దమనిషి వెళ్ళాడు. పేరెందుకు, వయసు యాభై పైన, వెయ్యి నూటపదహారు పంపుదామనుకున్నాడు. 1, 1, 1, 6. ఇక్కడే యంత్రశాస్త్రం అడ్డం తిరిగింది. పన్నీటి బుడ్డి పట్టుకున్న పిల్లకి ఉత్సాహం ఎక్కువై ఆయన చెయ్యంతా తడిపేసింది. ఫోను అద్దం వేలు తగిలినప్పుడు తనలోని విద్యుత్తులో వచ్చే మార్పుని పసిగట్టి పనిచేస్తుంది. నీటి చుక్క పడితే వేలేదో నీరేదో దానికి తెలియదు. ఒకే అంకెని వరసగా మూడుసార్లు నొక్కితే రెండే పట్టుకుంది. తెర మీద 116. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఒకాయన సుగరు పేషెంటు, టిఫిను దాకా ఆగలేనని పైకే అంటున్నాడు. అంకె సరిచూసుకునే వ్యవధి ఎక్కడిది? పిన్ను కొట్టేశాడు. 2016లో వచ్చిన యూపీఐకి ఇప్పటిదాకా లేనిదొకటుంది: పిన్ను కొట్టాక వెనక్కి లాక్కునే మీట.

డబ్బా మాట్లాడలేదు.

ఫంక్షన్ హాలు సెల్లార్లో ఉంది. పైన కాంక్రీటు, చుట్టూ ఏసీ కోసం మూసేసిన అద్దాలు. డబ్బాలో సిమ్ముకి సిగ్నలు లేదు. మేనమామ ఆయన ఫోను వంక చూశాడు, పచ్చటి టిక్కు చూశాడు, అయినా "సౌండ్ రానివ్వండి బావగారూ" అన్నాడు. అనుమానం అని కాదట, పద్ధతట. ఈలోగా వెనకవాళ్ళు స్కాన్ చేసేశారు. వాళ్ళవీ పలకలేదు. బల్ల ముందు ఇప్పుడు ఏడుగురు, ఏడు టిక్కులు, ఒక మూగ డబ్బా.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన ప్రతి పెళ్ళిలోనూ ఉంటాడు, ఇక్కడా ఉన్నాడు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు అప్పజెప్పాడు. వ్యాపారికి కట్టిన డబ్బు మన ఖాతాలో తగ్గి, అవతల నిర్ధారణ కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక ఇంకో ఐదు రోజుల్లోగా వెనక్కి జమ కావాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం. మన పెద్దమనిషి అప్పుడు తెర చూసుకున్నాడు, 116 చూశాడు, లోపల ఏదో జారింది. బ్యాంకు గనక గడువు మీద రెండు రోజులు ఆలస్యం చేస్తే చదివింపు కన్నా పరిహారమే ఎక్కువ. ఆ లెక్క ఆ క్షణాన తట్టడం ఆయన తప్పు కాదు.

ఎవరో కుర్రాడు డబ్బాని దండతో సహా ఎత్తి, మెట్ల దగ్గర కిటికీ వైపు చాచి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గట్టిమేళం ఆగింది. సన్నాయి ఆయన మంచినీళ్ళు తాగుతున్నాడు. డబ్బా వాల్యూము మెయిన్ రోడ్డు మీద లారీల మోత దాటి వినపడేట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది, దాన్ని తగ్గించాలని ఎవరికీ తోచలేదు.

"రెండు వేల రూపాయలు అందాయి. నూట పదహారు రూపాయలు అందాయి. ఐదు వేల రూపాయలు అందాయి. వెయ్యి నూట పదహారు రూపాయలు అందాయి."

ఆగిపోయిన కబుర్లన్నీ ఒకేసారి కట్ట తెగాయి, అవీ కట్టిన వరసలో కాదు. పేర్లు లేవు. నాలుగు వందల మంది తలలు తిప్పి బల్ల దగ్గర నిలబడ్డ ఏడుగురి మొహాలు చూశారు, ఎవరి మొహానికి ఏ అంకె సరిపోతుందో వాళ్ళే పంచేశారు. ఐదు వేలు, మెళ్ళో గొలుసున్న కాంట్రాక్టరుకి పోయింది. నిజానికి అది పక్కనే నిలబడ్డ, చొక్కా కాలరు చిరిగిన లెక్కల మాస్టారిది.

మేనమామ పెన్ను తీసి, అందరికీ వినపడేలా అడిగాడు: "నూట పదహారు ఎవరిదండీ?"

సమాధానం లేదు. 

"నూట పదహారు, ఎవరిదండీ?"

ఒక్కొక్కడూ ఫోనులోకి చూసుకుంటున్నాడు. కాంట్రాక్టరు వాచీ చూసుకున్నాడు. సుగరు పేషెంటు నాది కాదని ఒట్టేశాడు, ఎవరూ అడక్కుండానే. కిటికీ దగ్గర కుర్రాడికి అనుమానం వచ్చింది, సరిగ్గా విన్నామా లేదా అని. ఈ డబ్బాలకి వెనకటి చెల్లింపుల్ని మళ్ళీ చెప్పించే మీట ఉంటుంది. నొక్కాడు. "నూట పదహారు రూపాయలు అందాయి." మళ్ళీ నొక్కాడు.

నూటపదహార్లంటే ఒకప్పుడు అవమానం కాదు. నిజాం కాలంలో హైదరాబాదు హాలీ సిక్కాలు ఏడు ఇస్తే ఇంగ్లీషు రూపాయలు ఆరు వచ్చేవి, ఆ లెక్కన ఇంగ్లీషు వందకి నూటపదహారు చిల్లర సిక్కాలు. పదహారు అక్కణ్ణుంచే అంటుకుందని అంటారు. ఆ సిక్కా 1959లో పోయింది, పదహారు పోలేదు. శాస్త్రం పేరు చెప్పి చివర పదహారు ఉండాలంటారు, ముందు మాత్రం నూరు ఉండకూడదంటారు. ప్లేటు రేటు గుర్తు పెట్టుకోమంటారు. ప్లేటు రేటు అతిథి నిర్ణయించాడా? పదిహేడు రకాలు పెట్టమన్నాడా, ఐస్‌ముక్కల మీద పుచ్చకాయ హంస చెక్కమన్నాడా?

అతిథి ఇచ్చింది మాత్రం పుస్తకంలోకి ఎక్కుతుంది, ఆ పుస్తకం ముప్పై ఏళ్ళు బీరువాలో ఉంటుంది. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం వధూవరులకొచ్చిన కానుకల జాబితా రాసి, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. ఆ జాబితా ఏదని స్టేజీ మీద అడిగి చూడండి. అల్లుడికిచ్చిన కారు ఏ కాగితంలోనూ ఉండదు. నూటపదహారు ఇంటిపేరుతో సహా ఉంటుంది.

ఇంకోటి కూడా ఉంది, మేనమామకి ఎవరూ చెప్పలేదు. పెళ్ళికి వచ్చిన కానుకల మీద వధూవరులకి ఆదాయపు పన్ను లేదు. కానీ ఇదంతా జమైంది ఎరువుల కొట్టు ఖాతాలో, అక్కడ ఇది అమ్మకంలా కనపడుతుంది. 2025లో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులిచ్చారు. ఒక్కరోజులో అన్ని నూటపదహార్లు, వెయ్యి నూటపదహార్లు. ఏ పురుగుమందు సీసా అంతకి అమ్మావని అడిగితే ఏం చెబుతాడో చూడాలని ఉంది. అంత ఆశ పెట్టుకోకూడదు గానీ, ఉంది.

మన పెద్దమనిషి చివరికి చెయ్యెత్తాడు. "ఒక ఒకటి పడలేదు" అన్నాడు. తడి వేలు, అద్దం, అవన్నీ వివరించబోయాడు. మేనమామ "అబ్బే, డబ్బులెందుకు బావగారూ, మీరొచ్చారు అదే పదివేలు" అని, స్టాండుని ఆయన వైపు రెండంగుళాలు జరిపాడు. మిగతా వెయ్యి కొడదామంటే ఫోను "ప్రాసెసింగ్" అని చక్రం తిప్పుతూ కూర్చుంది. భార్య ఫోను తీసుకుని దాన్నుంచి పంపాడు. డబ్బా ఈసారి వెంటనే పలికింది, కానీ సన్నాయి మళ్ళీ మొదలైంది, ఒక్కరికీ వినపడలేదు.

మేనమామ యాప్‌లో వచ్చిన పేర్లు చూసి, రెండు వేరువేరు వరసల్లో రాసుకున్నాడు: భర్త 116, భార్య 1000. సాయంత్రం ఏడింటికి పెళ్ళికొడుకు తరఫు పెద్దత్తగారు ఆవిడకి ఫోను చేసి, గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళైందమ్మా మీరిద్దరూ వేరుపడి?" అని అడిగింది.